రాయిలో ఈక మబ్బు

కళ్ళజోళ్ళ వర్క్‌షాపులో అతన్ని అందరూ నలుసు అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద ఉండేదేమో గానీ, నలుగురి నోళ్ళలో మాత్రం అదే. పన్నెండేళ్ళుగా అతని పని ఒకటే. సాన పట్టిన గాజుబిళ్ళని దీపానికి ఎదురుగా పట్టుకుని, కంటికి భూతద్దం ఆనించి, గీత గానీ బుడగ గానీ ఉందేమో చూడటం. ఉంటే తీసి రేకు డబ్బాలో వేయడం. ఆ ఠంగుమనే చప్పుడు విన్నప్పుడల్లా సాన మిషన్ దగ్గరున్న మేస్త్రీ "పోయిందిరా ఇంకోటి" అని నిట్టూర్చేవాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమని వెనక తిట్టుకున్నా, అతను చూసి పంపిన అద్దం తిరిగొచ్చిన పాపాన పోలేదని ఎదుట ఒప్పుకునేవాడు.

ఇలాంటివాడు ప్రేమలో పడ్డాడంటే ఎవరు నమ్ముతారు? కానీ పడ్డాడు. నాలుగేళ్ళ కిందట వాతావరణ ఆఫీసు నుంచి ఒకమ్మాయి కళ్ళజోడు చేయించుకోవడానికి వచ్చింది. ఆమె ఉద్యోగం మబ్బులు చూడటం. మూడు గంటలకోసారి మేడెక్కి, ఆకాశంలో ఏ రకం మబ్బులున్నాయో, ఎంత మేర కమ్ముకున్నాయో పుస్తకంలో రాయాలి.

"మబ్బులు చూసినందుకు జీతమిస్తారా?" అని అడిగాడు నలుసు.

"గాజులో ఏమీ లేదని చూసినందుకు మీకివ్వట్లేదా?" అంది ఆమె.

ఆ ఒక్క మాటతో మనవాడు బోల్తా పడ్డాడు. ఆ కళ్ళజోడు తానే చూసి, తానే బిగించి, తానే ఆమె చేతికిచ్చాడు.

అప్పటినుంచీ సాయంత్రాలు ఆ ఆఫీసు మేడ మీదే గడిచేవి. ఆమె మబ్బుల పేర్లు చెబుతుంటే, వాటి నీడలు ఇళ్ళ కప్పుల మీదుగా మెల్లగా జరిగి పోతుంటే, నలుసు కళ్ళు సగం మూసుకుని వినేవాడు. రోజంతా తప్పులు వెతికిన కళ్ళకి ఆ గంటసేపు సెలవు. ఆకాశంలో దేన్నీ ఏరి డబ్బాలో పడేయాల్సిన పని లేదు.

ఒక్క విషయం మాత్రం అతనికి అంతుచిక్కలేదు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా తన కళ్ళజోడు అతని చేతికివ్వలేదు. "ఇటివ్వు, తుడిచిపెడతా" అంటే, "వద్దులే, నా దగ్గర రుమాలుంది" అనేది. "వదులైనట్టుంది, బిగిస్తా" అంటే, "తర్వాత చూద్దాం" అనేది. వంటవాడి పెళ్ళాం పక్కింట్లో భోంచేసినట్టు, అతనికి మనసు చివుక్కుమనేది. పైకి మాత్రం అనేవాడు కాదు.

ఒక సోమవారం ఆమె ఒక కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. కొండ మీద కొత్తగా కట్టిన కేంద్రంలో రెండేళ్ళ పని. ఆమె ఎప్పట్నుంచో కోరుకున్నదే. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా కాగితం పూర్తిచేసి ఇచ్చేయాలి. ఆమె చేతులు కట్టుకుని, అతని కేసే చూస్తూ కూర్చుంది.

నలుసు ఆ కాగితాన్ని తీరుబడిగా పైనుంచి కిందకి చదివాడు. "ఇదిగో, ఈ మూల సిరా అలుక్కుంది. కొత్త కాగితం అడుగు" అన్నాడు.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఈ సంగతి అక్కకి చెప్పాడు. అక్క టైలరు. మిషన్ మీద చొక్కా కాలరు కుడుతూనే, "కాగితంలో ఇంకేముంది?" అంది.

"అన్నీ నింపేసింది. వసతి దగ్గర మాత్రం ఖాళీ. ఒక్కరికి గది, కుటుంబానికి ఇల్లు, అని రెండు గడులున్నాయి. దేనికీ టిక్కు పెట్టలేదు."

మిషన్ ఆగిపోయింది. "నీ మొహం మండ! మూలనున్న సిరా మరక కనిపించింది గానీ, నీకోసం ఖాళీగా పెట్టిన గడి కనిపించలేదట్రా? శుక్రవారం దాకా నువ్వు నోరు తెరవకపోతే, ఆ పిల్ల ఒక్కరికి గది అని టిక్కు పెట్టేసి చక్కా పోతుంది. తర్వాత నువ్వు ఆకాశం కేసి చూస్తూ కూర్చో."

నలుసు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు.

ఆ మాటకొస్తే, అడగాలని అతనికి లేక కాదు. రెండేళ్ళుగా ఉంగరానికని డబ్బు దాస్తున్నాడు. రోజంతా గాజుతో పెనుగులాడేవాడు కదా, ఆమెకి గాజుకన్నా గట్టిది, వజ్రమే పెట్టాలని పట్టుదల. ఆర్నెల్లుగా దుకాణాలన్నీ తిరిగాడు. అతని డబ్బుకి మచ్చలేని రాయంటే ఆవగింజంతది వచ్చేది. కంటికి ఆనే రాయంటే లోపల ఏదో ఒక మచ్చ ఉండేది. "మామూలు కంటికి కనపడదు సార్" అనేవాళ్ళు దుకాణంవాళ్ళు. నలుసు జేబులోంచి సొంత భూతద్దం తీసేవాడు. అంతటితో బేరం సరి. ఇంకో ఆర్నెల్లు దాస్తే మచ్చలేనిదే వస్తుందిలే అనుకుంటూ ఇంటిదారి పట్టేవాడు. ఇప్పుడు చేతిలో ఉన్నవి నాలుగు రోజులు.

మంగళ, బుధ, గురువారాలు పాత పద్ధతిలోనే, దుకాణాలు తిరగడంతో గడిచిపోయాయి. శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, ఇంతవరకూ చూడని ఒక సందులోకి తిరిగాడు. చెప్పుల దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కితే ఒక గది. పడమటి కిటికీ, చిన్న తక్కెడ, రెండు కుర్చీలు. లోపలున్న పెద్దావిడ ఏదో ఉంగరానికి మెరుగు పెడుతోంది.

"ఎంతలో కావాలి బాబూ?"

దాచకుండా చెప్పాడు. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. తెల్లకాగితం పరిచి, ఒకే ఒక్క రాయి పెట్టింది. "ఇది అర కారెట్టుకి వెంట్రుకవాసి తక్కువ. నిండు అర కారెట్టంటే జనం ఎగబడతారు. ఆ కాస్త తగ్గేసరికి ధర దిగొస్తుంది. చూసే కంటికి తేడా తెలీదు."

నలుసు చెయ్యి జేబులోకి పోయింది.

"అది లోపలే పెట్టు" అంది ఆవిడ. "పెట్టుకునే మనిషి ఉంగరాన్ని ఎంత దూరం నుంచి చూస్తుంది? చెయ్యి చాచినంత దూరం. ముందు అలా చూడు."

ఆవిడ ఇచ్చిన పట్టకారుతో రాయిని పట్టుకుని, కిటికీ దగ్గరికెళ్ళి చెయ్యి చాచాడు. రాయిలోకి పడమటి ఎండ దిగింది. ఒక చిన్న వెలుగు పుట్టి, పక్కకి జరిగి, ఇంకోచోట లేచింది. కింద చెప్పుల దుకాణంలోని సుత్తి చప్పుడు దూరమైపోయింది. ఎంతసేపు అలా నిలబడ్డాడో అతనికే తెలియదు. మనసు నీళ్ళ మీద ఆకులా తేలిపోయింది.

కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? భూతద్దం తీశాడు. ఉంది. రాయి లోపల సన్నటి తెల్లటి పోగు, చివర కాస్త వంపు తిరిగి.

"దాన్ని ఈక అంటాం" అంది పెద్దావిడ, తలెత్తకుండానే. "నేల లోపల రాయి పుట్టేటప్పుడు పడ్డ చీలిక. రాయిని పట్టుకునే బంగారు కొక్కెం ఉంటుందే, దాని కిందకి వచ్చేట్టు బిగిస్తా. నీ భూతద్దానికి కూడా దొరకదు."

రాయి కింద పెట్టేయబోయాడు. చెయ్యి ఆగింది. ఇది తను ఇంతకుముందు చూశాడు. ఎక్కడ? మేడ మీద, ఆమె వేలు చూపించిన చోట. "అవి ఈక మబ్బులు. అన్నిటికన్నా ఎత్తులో ఉంటాయి. వాన కురిపించవు, నీడ పడనివ్వవు. పుస్తకంలో వాటి పేరు రాసిన రోజు నాకు హాయిగా ఉంటుంది." మళ్ళీ చూశాడు. అదే తెలుపు, అదే వంపు. రాయి లోపల ఎప్పుడో మొదలైన ఆకాశం ఇంకా అలాగే ఉంది. ఆ పోగు అతనికి ముద్దొచ్చింది. నిజంగానే ముద్దొచ్చింది.

"దాచొద్దండి" అన్నాడు. "అది పైకి కనపడేలాగే బిగించండి."

"డబ్బిచ్చి మచ్చ పైకి పెట్టమన్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను" అని నవ్వి, ఆవిడ తయారుగా ఉన్న ఒక బంగారు ఉంగరాన్నీ, పనిముట్లనీ అందుకుంది. వేలి కొలత అక్క రాసిచ్చిన చీటీలో ఉంది. టైలరు కన్ను అది, పొల్లుపోదు.

మెట్లు దిగేసరికి అయిదుంపావు. బస్సు కోసం చూడకుండా పరుగెత్తాడు. వాతావరణ ఆఫీసు మేడ మీదకి చేరేసరికి ఆరుకి పది నిమిషాలుంది. ఆమె పుస్తకంలో రాస్తోంది. పక్కనే ఆ కాగితం, ఎగిరిపోకుండా దాని మీద పెన్సిల్ డబ్బా.

"ముందే చెప్తున్నా, ఇందులో మచ్చ ఉంది" అన్నాడు రొప్పుతూ, ఉంగరం ముందుకు చాచి. "తెలిసే కొన్నా. నీ ఈక మబ్బులా ఉందని కొన్నా. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె ఉంగరం కేసి చూసింది. తర్వాత నాలుగేళ్ళలో మొదటిసారి తన కళ్ళజోడు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎండకి ఎదురుగా పట్టుకుని చూడు. ఎడమ అద్దం, కింద మూల."

చూశాడు. బుడగ. సూదిమొనంత బుడగ, లోపల చిన్న వెలుగు. "ఇది నేను చూసి ఇచ్చిన అద్దమే కదా!"

"ఊఁ. మొదటి సాయంత్రమే కనిపించింది. ఎండ వాలినప్పుడు మబ్బుల పక్కన ఒక చుక్క వెలుగుతుంది. దాన్ని పుస్తకంలో మాత్రం రాయను."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తీసి డబ్బాలో వేసేవాడివి."

"అసలెలా తప్పిపోయింది? పన్నెండేళ్ళలో నేనెప్పుడూ..."

"ఆ రోజు నువ్వు అద్దం కేసి చూశావా, నాకేసి చూశావా?"

నలుసుకి కళ్ళు తడిశాయి. ఆమె చెయ్యి చాచింది. కళ్ళజోడు లేక, గాలిలో కాస్త పక్కకి చాచింది. అతనే ఆ చేతిని అందుకుని ఉంగరం తొడిగాడు.

"కొండ మీద కళ్ళజోళ్ళు పెట్టుకునేవాళ్ళు ఉంటారంటావా?" అన్నాడు.

"ఉంటారు. మీ మేస్త్రీ కూడా ఊపిరి పీల్చుకుంటాడు. నా కళ్ళజోడిటివ్వు, గడి కనపడట్లేదు."

అలవాటు కొద్దీ అతని చెయ్యి జేబులోని గుడ్డ మీదకి పోయింది. సగం బయటికి తీసి, మళ్ళీ లోపలికి తోసేశాడు. తుడవకుండానే ఇచ్చాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని పిట్టగోడ మీద పరిచి, కుటుంబానికి ఇల్లు అన్నచోట టిక్కు పెట్టింది. మూలన అలుక్కున్న సిరా అలాగే ఉంది. అతను దాని గురించి ఏమీ అనలేదు.