ఎగరెయ్యడానికి వీల్లేని కాలర్

నేను ఒక కాలర్‌ని. చొక్కాకి ఉండే రకం కాదు. నన్ను ఎవరూ ఎగరేసుకుని తిరగలేరు. మెత్తటి స్పాంజిని మెడకి సరిపడా కోసి, పైన తెల్లగుడ్డ కుట్టి, చివర చర్రుమని ఊడే పట్టీ అతికిస్తే నేనయ్యాను. తణుకులో ఒక మందుల షాపు అద్దాల బీరువాలో, చేతికర్రల పక్కన చాలాకాలం కూర్చున్నాను. నన్ను చూసి ముచ్చటపడి కొనుక్కున్నవాళ్లు ఎవరూ లేరు.

చివరికి కొన్నావిడ పేరు మాణిక్యం. మెడ మాత్రం ఆవిడ భర్త ముక్తేశ్వరరావుది. ఆయన టైలరు, ఇంటి ముందుగదే షాపు. ఏళ్ల తరబడి మెడ వంచి ఊళ్లో మగవాళ్లందరికీ కాలర్లు కుట్టాడు. ఆ మెడ ఒకరోజు ఎదురుతిరిగింది. చేతులు తిమ్మిరెక్కి సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతే, విజయవాడ తీసుకెళ్లారు. అక్కడ మెడలో రెండు ఎముకల్ని ప్లేటూ స్క్రూలూ పెట్టి కలిపేశారు. నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన అంచు తిప్పి చూసి, కుట్టు వంకరగా ఉందన్నాడు. నాకు కోపం వచ్చింది. నిజమే కాబట్టి ఊరుకున్నాను.

ఆయనకి లేదనడం చేతకాదు. దేనికైనా గంగిరెద్దులా తల ఊపుతాడు. పెళ్లి రేపనగా గుడ్డ తెచ్చి, సాయంత్రానికి అయిపోతుందా అని అడిగినా ఊపేవాడు. అవదని ఆయనకీ తెలుసు, అడిగినవాళ్లకీ తెలుసు. అయినా ఇద్దరూ తృప్తిగా విడిపోయేవాళ్లు. అలాంటి తలని ఊగకుండా ఆపడం నా ఉద్యోగం.

రెండు నెలల తర్వాత డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక అతుక్కుందన్నాడు. ఇక కాలర్ తీసెయ్యమన్నాడు, ఇంకా పెట్టుకుంటే మెడ బలం పోతుందన్నాడు. నొప్పి మాత్రం కొన్నాళ్లు ఉండొచ్చు, కొందరికి పూర్తిగా పోదు కూడా, వ్యాయామం చెయ్యాలి, వంగి పనిచెయ్యకూడదు అని చెప్పాడు. మాణిక్యం అప్పటికే మొదటి ముక్క విని దేవుడికి దండం పెట్టుకుంటోంది. ఇంటికొచ్చేసరికి 'అతుక్కుంది' కాస్తా 'తగ్గిపోయింది' అయింది.

అక్కడినుంచి మొదలైంది. పాలవాడు, పక్కింటివాళ్లు, గుడ్డలిచ్చేవాళ్లు, ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: తగ్గిందా? ఈయన తల ఊపేవాడు. ఊపినప్పుడల్లా మెడ నుంచి భుజం దాకా పట్టి లాగేది. తగ్గిందని చెప్పడానికి ఊపిన ఊపుకే నొప్పి పెరిగేది. మనుషులు చాలా తెలివైనవాళ్లని అంటారు. నాకు తెలియదు, నేను స్పాంజిని.

అందుకని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. వీధి తలుపు చప్పుడైతే చాలు, నన్ను తగిలించుకునేవాడు. నొప్పి ఎవరికీ కనపడదు, నేను కనపడతాను. నేనుంటే ఎవరూ ఏమీ అడగరు. రానురాను నన్ను తీయడమే మానేశాడు. మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. తర్వాత ఆయన తల రోజురోజుకీ నా మీద వాలిపోతుంటే భయం వేసింది. చెబుదామంటే నాకు నోరు లేదు. ఆయనకి నోరుంది, చెప్పడు.

మాఘమాసంలో పెళ్లిళ్లు వచ్చాయి. తగ్గిందన్నాడు కదా, నన్ను జాగ్రత్త కోసమే వేసుకుంటున్నాడులే అనుకుని మాణిక్యం ఒక పెళ్లికొడుకు కోటు ఒప్పుకుంది. నేనుంటే ఆయన కిందికి చూడలేడు. నన్ను తీస్తే మెడ నిలవదు. చివరికి నాతోనే కత్తెర పట్టి, చూపుతో పనిలేకుండా చేతి అలవాటు మీద కోశాడు. కోటుకి ఒక చెయ్యి నాలుగంగుళాలు పొట్టిదయింది.

మాణిక్యం ఆ ముక్కని రెండో చేతి ముక్క పక్కన పెట్టి చూసింది.

"తగ్గిందని తలూపారు కదండీ" అంది.

ఆయన మళ్లీ ఊపబోయాడు. నేను ఊపనివ్వలేదు. నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

"తగ్గలేదు" అన్నాడు. "ఎముక అతుక్కుందంతే. నొప్పి అలాగే ఉంది. ఇక పోదేమోనని భయమేస్తోంది మాణిక్యం."

పెళ్లయ్యాక ఆయన నోట లేదనే మాట వినడం ఆవిడకి అదే మొదలు. కళ్లు తుడుచుకుంది.

"ఆ మాటేదో అప్పుడే అంటే, ఈ బల్ల ఎత్తు చేయించేదాన్ని కదండీ."

గుడ్డ మళ్లీ కొన్నారు. కోత బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టారు. ఇప్పుడు ఆయన కాసేపు నిలబడి కోస్తాడు, కాసేపు గోడకి ఆనుకుని వ్యాయామం చేస్తాడు, కాసేపు పడుకుంటాడు. నొప్పి ఉంది. నీళ్లు ఎత్తి తాగడానికి మెడ వెనక్కి వాలదు, గ్లాసు కరుచుకునే తాగుతాడు. ఎంగిలని అందరినీ దులిపేసే మాణిక్యం, ఆయనకి విడిగా ఒక గ్లాసు పెట్టి ఊరుకుంది.

నన్ను మెల్లగా మాన్పించారు. పట్టీ అతికిస్తే గుండ్రంగా ఉంటాను కాబట్టి, మాణిక్యం నన్ను వంటింట్లో మంచినీళ్ల కుండ దొర్లకుండా కుదురుగా వేసింది. వెయ్యబోయేముందు ఆయన నా వంకర కుట్టు విప్పి తిన్నగా కుట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కుండ ఆయన తలకంటే బరువే, కానీ ఊగదు.

నిన్న ఒకాయన గుడ్డ తెచ్చి, తగ్గిందా అని అడిగాడు. లేదండీ, ఉంది, అన్నాడు ముక్తేశ్వరరావు. వచ్చినాయన మాట మార్చి, సాయంత్రానికి అయిపోతుందా అన్నాడు. కుండ కింద నేను బిగుసుకుపోయాను.

"అవదండీ. బుధవారం రండి."

వచ్చినాయన సరేనని గుడ్డ బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ మాట అన్నప్పుడు ఆ మెడ నిటారుగానే ఉండి ఉంటుంది, నేను లేకుండా.