కమాను కింద ఉప్పు మూట

వెంకటరత్నం పికప్పు వ్యాను ఎడమ పక్కకు ఒరిగి నడుస్తుందన్న సంగతి జగ్గయ్యపేట నుంచి కంచికచర్ల దాకా రోడ్డు మీది టీ కొట్లన్నిటికీ తెలుసు. అతని తల్లి బసవమ్మ ఉన్నన్నాళ్లూ అందులో వింతేమీ లేదు. మిర్చి బస్తాలు ఎక్కించాక, వెనక ఎడమ చక్రం పైన, చెక్క అంచు మీద ఆవిడ ఎక్కి కూర్చునేది. ముందు సీటులోకి రమ్మంటే ఇంజను సెగకు కాళ్లు మండుతాయనేది. ఆవిడ ఎక్కగానే కింద బండి బరువు మోసే ఇనప కమాను కట్ట కిర్రుమని మూలిగేది. నందిగామలో చెల్లెలి ఇంటికి వెళ్లి తిరిగొచ్చి వాకిట్లో దిగేటప్పుడు అదే కమాను ఉస్సురనేది. కోడలు ప్రమీలారాణి బి.ఎ.లో లాజిక్ చదువుకున్న మనిషి. ఆ రెండు చప్పుళ్లను బట్టి అత్తగారి రాకపోకలు వంటింట్లోంచే తెలుసుకుని, తదనుగుణంగా తన మొహం సర్దుకునేది.

బసవమ్మ వైశాఖంలో పోయింది. వ్యాను మాత్రం ఒరుగుతూనే ఉంది.

శ్రావణంలో వెంకటరత్నం దాన్ని నందిగామ తీసుకెళ్లి సుభాని షెడ్డులో పెట్టాడు. పిన్నత్తగారిని చూసినట్టూ ఉంటుందని ప్రమీల కూడా వెళ్లింది. సుభాని బండి కిందికి దూరి, కాసేపటికి గుప్పెడు తుప్పు పట్టుకుని బయటికి వచ్చాడు. మాడిన అట్టులాగా పొరలు పొరలుగా ఉంది.

“రత్నంగారూ, బండిని బందరు వైపేమన్నా తిప్పుతున్నారా?”

తిప్పడం లేదని, కీసర వంతెన దాటి కంచికచర్ల మార్కెట్టు, మళ్లీ ఇల్లు, అంతేనని వెంకటరత్నం చెప్పాడు.

“మరి ఇది మన మెట్ట తుప్పు కాదండీ. సముద్రం పక్కన తిరిగే బళ్లకు పట్టే తుప్పు. ఛాసిస్ అంతా రాయిలా ఉంది. ఎడమ వెనక కమానును పట్టి ఉంచే బ్రాకెట్టొక్కటే తినేసింది.”

ఇంకాస్త గీకితే కారణం దొరికింది. బ్రాకెట్టు పైన ఉన్న సందులో వేలెడంత గుడ్డ మూట కుక్కి ఉంది. లోపల తెల్లగా, చెమ్మగా ఏదో ఉంది. మగవాళ్లిద్దరూ దాన్ని పామును చూసినట్టు చూస్తుంటే ప్రమీల వేలితో అద్ది నాలుక మీద వేసుకుంది. కల్లుప్పు.

అప్పుడు అందరికీ అర్థమై నవ్వొచ్చింది. బసవమ్మ ప్రతి అమావాస్యకూ కొడుక్కూ బండికీ ఉప్పుతో దిష్టి తీసేది. తీసిన ఉప్పును ఎవరైనా నీళ్లలో పారేస్తారు. ఆవిడ పద్ధతి వేరు. పారేస్తే దారిలో కాపలా ఎవరుంటారని మూటగట్టి బండిలోనే దాచినట్టుంది. వానకు ఆ ఉప్పు కరిగి కమాను పట్టును కొరుక్కుతింది. బండి మొరాయించినప్పుడల్లా ఎవరి కన్నో పడిందని ఇంకాస్త ఉప్పు తీసి ఉంటుంది పాపం. ముడి కూడా ఆవిడదే. బసవమ్మది ఎడమచేతి వాటం. ఆవిడ వేసిన ముడి ఊరందరి ముడికీ తిరగేసి ఉండేది. పచ్చడి జాడీ గుడ్డ విప్పాలంటే ప్రమీలకు పది నిమిషాలు పట్టేది.

సుభాని కొత్త బ్రాకెట్టు వెల్డింగు చేశాడు. తిరిగొస్తూ మూటను పాలేట్లో కలిపారు. బండి నిటారుగా ఇంటికి చేరింది.

కార్తీకానికి మళ్లీ ఒరిగింది.

ఈసారి సుభాని నవ్వలేదు. అదే సందు, అదే మూట, అదే తిరగేసిన ముడి. ఉప్పు మాత్రం కొత్తది. చిలకపచ్చ గుడ్డ కూడా కొత్తగా కత్తిరించిందే.

ఇంట్లో ఉండేది ఇద్దరే. తల్లి మీద బెంగతో మొగుడే చేస్తున్నాడని ప్రమీల అనుకుంది. భార్య తనను ఆటపట్టిస్తోందని వెంకటరత్నం అనుకున్నాడు. ప్రమీల గత చరిత్రను బట్టి అది అన్యాయమైన అనుమానమేమీ కాదు. లాజిక్ ప్రకారం ముందు ఉప్పు ఎక్కడిదో తేలాలి గనక ప్రమీల ఎవరికీ చెప్పకుండా ఇంట్లో ఉప్పు జాడీలో పసుపు కలిపింది. రోజూ పెరుగన్నం పచ్చగా ఉంటోందేమిటని మొగుడు అడిగితే ఒంటికి మంచిదంది.

అమావాస్య వెళ్లాక చూస్తే బండి కింద అదే సందులో మళ్లీ మూట. అందులో ఉప్పు పచ్చగానే ఉంది. అంటే ఇంటిదే. ఆ ఉప్పు పట్టుకుని మొగుణ్ణి నిలదీయబోతుంటే చాకలి ఆదెమ్మ బట్టల మూటతో వచ్చి, అరుగు మీద కూలబడి ఫిర్యాదు మొదలుపెట్టింది. పదోరోజున పెద్దమ్మగారి చీర పెడితే కళ్లకద్దుకుని తీసుకుందట. కడితే నిక్షేపంలా ఉందట. దండెం మీద ఆరేసిన ప్రతిసారీ కొంగు బెత్తెడు తగ్గుతోందట.

“ఎలక కొట్టిందనుకుందామంటే కత్తిరించినట్టుందమ్మా. ఇట్టాగైతే సంక్రాంతికి నాకు జేబురుమాలు మిగులుద్ది.”

అది చిలకపచ్చ చీర. ప్రమీల చేతిలోని గుడ్డ పీలికను కొంగు అంచుకు ఆనించి చూసింది. దారం దారం కలిసింది. ఆదెమ్మ ఇల్లు ఊరికి అవతల, పాలేటి ఒడ్డున. వెంకటరత్నం అటు వెళ్లడు, ప్రమీలకు దారి కూడా తెలియదు. మొగుడూ పెళ్లామూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనుమానించుకోవడానికి ఇంట్లో మూడో మనిషి ఉంటే బాగుండునని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. ఉన్నట్టే ఉందని కూడా అనిపించింది. దాంతో ఆ విషయం మాట్లాడుకోవడం మానేశారు.

మాఘంలో, నిండు మిర్చి బస్తాలతో కీసర వంతెన మీద బ్రాకెట్టు ఊడిపోయింది. బండి ఎడమకు కూలబడి పిట్టగోడను రాసుకుంటూ పోయి ఆగింది. రెండు బస్తాలు కింద మునేట్లో పడ్డాయి. వెంకటరత్నం పడలేదు. ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగి, అన్నం వద్దని పడుకున్నాడు. అతని చేతులు పక్క మీద కూడా స్టీరింగును పట్టుకున్నట్టే బిగుసుకుని ఉండడం చూశాక ప్రమీలకు లాజిక్ మీద మోజు పోయింది. ఈసారి ఆపకపోతే ఈ మనిషి తనకు దక్కడు.

మర్నాడు తనూ నందిగామ వెళ్లింది. మధ్యాహ్నానికి కొత్త బ్రాకెట్టు బిగించడం అయిపోయింది. చక్రం ఎక్కించి, జాకీ తీసి, బండి సమంగా నిలబడిందని చూసుకున్నాక మగవాళ్లిద్దరూ బోరింగు దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. షెడ్డులో ప్రమీల ఒక్కతే, ఒళ్లో క్యారేజీతో. రేకుల మీద ఎండ పెళపెళలాడుతోంది. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు.

కిర్రుమంది.

ఖాళీ బండి వెనక ఎడమ పక్క మెల్లగా కుంగింది. బండి ఎక్కే పెద్దావిడ ముందు ఒక మోకాలు ఆనించి, ఊపిరి తీసుకుని, రెండో కాలు పైకి లాక్కున్నట్టు రెండు విడతలుగా కుంగి, ఆగింది.

ప్రమీల పారిపోదామనుకుంది గానీ లేవలేదు. అత్తగారి ముందు అలా లేచి వెళ్లడం అలవాటు లేకపోవడం కూడా కొంత కారణం.

“అత్తయ్యా,” అంది చివరికి. “మీ అబ్బాయికి కాపలా కాస్తున్నారు. నేను కాదనను. కానీ మీ ఉప్పే ఆయన ప్రాణం మీదికి తెస్తోందండీ. మొన్న వంతెన మీద మీరూ ఉండే ఉంటారు, చూశారుగా.”

కమాను కదల్లేదు.

“దిష్టి ఇకనుంచి నేను తీస్తా. ఎండుమిరపకాయలతో తీస్తా. మన బండినిండా అవేగా. మీరు రోజూ తోడెళ్లండి, కూర్చోండి, ఎవరూ వద్దనరు. ఉప్పు మాత్రం వద్దు.” కాస్త ఆగి, ఎంత భయంలోనైనా పోని బుద్ధి చొప్పున ఇంకో మాట కలిపింది. “అంతగా చెయ్యి ఆగకపోతే నా వంటింట్లో వెయ్యండి. నా కూరలు చప్పిడని బతికుండగా ఎటూ అనేవారుగా.”

చాలాసేపటికి కమాను ఉస్సురంది. బండి సమంగా లేచింది. చేతులు తుడుచుకుంటూ వచ్చిన సుభాని, ప్రమీల ఇంకా ఖాళీ బండి వంకే కళ్లార్పకుండా చూస్తుండడం గమనించి, ఎండ దెబ్బ తగిలిందేమోనని మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ సాయంత్రం దొండకాయ కూర పొయ్యి మీద ఉండగా, ఉప్పు వేద్దామని జాడీ అందుకోబోయే ముందు ప్రమీల ఎందుకో ఒక్క ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పు సరిగ్గా ఉంది. వెంకటరత్నం రెండోసారి కూర వేయించుకుని, అచ్చం అమ్మ చేతి వంటలా ఉందన్నాడు. పెళ్లయ్యాక ప్రమీలకు దొరికిన మొదటి మెప్పు అది, అదీ తనది కాదు. మర్నాడు పరీక్షగా తనూ చిటికెడు వేసి చూసింది. పప్పు నోట పెట్టడానికి లేకపోయింది. ఆపైన జాడీ జోలికి వెళ్లలేదు. జాడీలో ఉప్పు మాత్రం తగ్గుతూనే ఉంది.

వ్యాను మళ్లీ ఒరగలేదు. ఆదెమ్మ చీర మిగిలినంత మేర మిగిలింది.

కొన్ని సాయంత్రాలు వెంకటరత్నం రావడం ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు కూర ఎంత ఉడికినా చప్పగానే ఉంటుంది. ప్రమీల దాన్ని సన్నని సెగ మీద ఉంచి, గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూస్తుంది. లేదు. వాకిట్లోకి వెళ్లి వచ్చి మళ్లీ చూస్తుంది. లేదు. ఉప్పు తగిలిందా, బండి కీసర వంతెన దాటినట్టే. అప్పుడు లేచి ఎసట్లో బియ్యం పోస్తుంది.