నెలిదాకు పూచీ ఎవరు?

కొలోనియా ఊళ్లో అద్దె గదులు వెతుక్కునేవాళ్లకు నెలిదా బెంతాంకూర్ పేరు చెబితే చాలు, దండం పెట్టి పక్క వీధికి వెళ్లిపోయేవారు. ఆమె మేడ మీది వాటా ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. రెండు రోజులుండి ఫొటోలు తీసుకుని పోయే యాత్రికులకు ఆమె ఇవ్వదు. నెలల తరబడి ఉంటామని వచ్చేవాళ్లలో ఆమెకు నచ్చేవాళ్లు ఇంకా పుట్టలేదు. అలాగని ఉద్యోగమేమిటి, ఊరేమిటి అని ఆరాలు తీసేది కాదు. వంటింట్లో కూర్చోబెట్టి మాతే అనే ఆకు కషాయం పోసేది, అంతే.

చిన్న సొరబుర్ర నిండా ఆకు, పైన వేడినీళ్లు, అందరికీ ఒకటే గొట్టం, వంతులవారీగా తాగాలి. ఆ తాగే తీరులోనే మనిషి గుట్టంతా బయటపడుతుందని నెలిదా నమ్మకం. గొట్టాన్ని గరిటెలా తిప్పాడంటే రేపు ఇంట్లో సామానంతా అటూ ఇటూ జరుపుతాడు. బుర్ర చేతిలో పట్టుకుని కబుర్లలో పడ్డాడంటే స్నానాలగదిలో దూరి ఒక పట్టాన బయటికి రాడు. చక్కెర అడిగినవాణ్ణి ఆమె వాకిలి దాకా కూడా సాగనంపదు. బ్యాంకు గుమాస్తా, గిటారు మాస్టారు, కొత్తగా పెళ్లయిన జంట, అందరూ ఆ బుర్ర దగ్గరే బోల్తా పడ్డారు.

"అద్దెకిస్తున్నావా, అల్లుణ్ణి వెతుకుతున్నావా?" అనేది పక్కింటి చేలా. వాళ్లిద్దరిదీ చిన్ననాటి స్నేహం.

"అల్లుడైతే ఎలాగోలా సర్దుకోవచ్చు. అద్దెకున్నవాడు నెత్తిమీదే నడుస్తాడే."

కానీ ఈ చలికాలం నెలిదాకు బెట్టు చేసే వీల్లేదు. అక్కడ చలి మొదలయ్యే మే నెలలో స్నానాలగదిలో జారిపడి, లేవలేక, చేలా రొట్టె తెచ్చేదాకా నేలమీదే ఉండిపోయింది. ఎముకలు విరగలేదు గానీ మేనకోడలు సిల్వానా హడలిపోయింది. వసంతం వచ్చేలోగా ఇంట్లో ఇంకో మనిషైనా ఉండాలి, లేదా అత్త రాజధాని మోంతెవిదేయోలో తన అపార్ట్‌మెంటుకైనా వచ్చెయ్యాలి అని తేల్చి చెప్పింది. నేల మీద పుట్టి పెరిగిన నెలిదాకు ఆ ఎనిమిదో అంతస్తు తలుచుకుంటేనే ఊపిరాడేది కాదు. అయినా పడిన సంగతి ఎవరితోనూ అనొద్దని చేలా చేత ఒట్టు వేయించుకుంది. అవసరం తనదేనని తెలిస్తే వచ్చినవాళ్లు నెత్తికెక్కుతారని భయం.

ఆ పరిస్థితిలో ఒక వాన మధ్యాహ్నం ఇబిస్ తెచేరా అనే ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, ఒంటరిది. ఊరి పక్కనున్న చీజ్ ఫ్యాక్టరీలో పాలు పరీక్షించే ఉద్యోగం. వాన పడిందంటే ఆ ఊళ్లో పిండి రొట్టెలు వేగాల్సిందే గనక చేలా అప్పటికే నెలిదా పొయ్యి దగ్గర మూకుడు పెట్టుకుని ఉంది.

ఇబిస్ గొట్టాన్ని వేలితోనైనా కదపలేదు. బుర్ర అడుగున గురగుర వినిపించేదాకా పీల్చి, మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చింది. రెండోసారీ అంతే. చేలా వెనక నుంచి నెలిదా భుజం గిల్లింది.

"ఎప్పుడు దిగుతావమ్మాయ్?" అంది నెలిదా.

"ఆగండి. మీ పరీక్ష అయింది, నాది కాలేదు."

"నీకేం పరీక్ష?"

"ఇదివరకున్న ఇంటావిడ నేను లేనప్పుడు గదిలోకొచ్చి నా బట్టలన్నీ మడతపెట్టి పోయేది. మంచికే పాపం. నేనే తట్టుకోలేక పారిపోయాను. ఎక్కడికెళ్లినా నీకు పూచీ ఎవరంటారు. మరి మీకు పూచీ ఎవరు?"

నెలిదా వేడినీళ్ల ఫ్లాస్కు బల్లమీద పెట్టేసింది. "ఈ ఇంట్లో పుట్టినదాన్ని. నాకు పూచీ ఏమిటి?"

"నేనున్నాగా," అంది చేలా చేతులు తుడుచుకుంటూ. "విను తల్లీ. మెట్ల చప్పుడు బట్టి నువ్వు ఏ చెప్పులేసుకున్నావో చెప్పేస్తుంది. రేడియోలో ఫుట్‌బాల్ వస్తుంటే పలకరించావో, శాపనార్థాలే. నీకొచ్చిన ఉత్తరం విప్పదులే, కానీ వెలుగులో పెట్టి చూస్తుంది."

"ఒసే చేలా."

"ఉండవే, మంచి కూడా చెబుతా. మా ఆయన పోయినప్పుడు నన్ను పొయ్యి ముట్టుకోనివ్వలేదు. నెల్లాళ్లు తనే వండి తెచ్చింది. ఉప్పెక్కువే అనుకో, అయినా తెచ్చింది."

ఇబిస్ నవ్వింది. "ఇన్నాళ్లు ఖాళీగా ఉంచి ఇప్పుడు తొందరెందుకో?"

చేలా గబుక్కున మూకుడు వైపు తిరిగింది. నెలిదా, "ఖాళీగా ఉంటే గోడలకు చెమ్మ పడుతుంది," అంది.

"అలాగా. అయితే నాదీ ఒకటి ముందే చెప్పాలి. నాది మొద్దు నిద్ర. ఒక చెవి సరిగా వినపడదు కూడా. దొంగలు పడి మంచంతో సహా ఎత్తుకుపోయినా నాకు తెలియదు. కాపలా మనిషి కావాలంటే మాత్రం నేను పనికిరాను."

సిల్వానాకు ఇవన్నీ చెప్పక్కర్లేదు. మేడ మీద మనిషి ఉందంటే చాలు, ఎనిమిదో అంతస్తు బెడద వదులుతుంది. నెలిదా ఆ లెక్కే వేసుకుంటూ నోరు తెరిచింది. కానీ ఆ తడి నేల, తన గొంతు తనకే వినపడిన ఆ ఉదయం గుర్తొచ్చి భయం ముంచుకొచ్చింది. ఇన్ని నెలలుగా అణచిపెట్టుకున్న భయం అది.

"మేలో పడ్డాను," అంది. "అరిచాను. చాలాసేపు అరిచాను. ఎవరికీ వినపడలేదు. చెమ్మా లేదు, గిమ్మా లేదు. నాకు మనిషి కావాలి."

మూకుట్లో రొట్టె మాడుతున్నా చేలా తీయలేదు.

"మొదటే చెప్పొచ్చుగా," అంది ఇబిస్ మెల్లగా.

"జాలిపడతావని."

"పడితే ఏం, అరిగిపోతారా?"

నెలిదా బల్ల వైపు చూస్తూ, "రాత్రిళ్లు నువ్వు వినక్కర్లేదు. తెల్లారగానే ఇక్కడ మాతే పోస్తాను. పోయని రోజున మాత్రం ఒక్కసారి దిగి చూడు," అంది.

"పోసినా పోయకపోయినా రోజూ దిగుతాను. ఆదివారాలు మాత్రం కొంచెం పొద్దెక్కాక."

నెలిదా మూడోసారి బుర్ర నింపబోయింది. సగం నీళ్లు బల్లమీద ఒలికాయి. అది కళ్లారా చూసి కూడా చేలా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎగతాళి చెయ్యకుండా గుడ్డ తెచ్చి తుడిచింది.