పంచదార గడియ

మూసి ఉన్నది ఏది కనబడినా తాళాలాయన చేతులు దురద పెట్టేవి. వీధి మొగలో ఆయనకి చిన్న కొట్టు. తాళంచెవులు పారేసుకున్న వాళ్ళందరికీ ఆయనే దిక్కు. ఇనప్పెట్టెలు, బీరువాలు, బాత్రూంలో చిక్కుకుని ఏడ్చే పిల్లలు, ఆయన చేతిలో సన్నటి ఊచకి లొంగనిది లేదు. అంతటితో ఆగితే బాగానే ఉండేది. ఎవరింటికైనా పలకరింపుకి వెళ్ళినా సరే, ముందు వాళ్ళ తలుపు గడియ కదిపి చూసి ఆ తర్వాతే కూర్చునేవాడు.

కొత్త కోడలు వచ్చిన వారానికే ఆ దురద కొంప ముంచింది. ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. కొడుకు దూరపు బస్సు డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. "ఒక్కతే లోపల ఏం చేస్తోందో! కళ్ళు తిరిగి పడిపోయిందేమో!" అంటూ తాళాలాయన భార్య ఆయన చెవిలో జోరీగలా రొద పెట్టింది. ఆవిడ ఒకటో తరగతి టీచరుగా రిటైరైన మనిషి. జవాబు వచ్చేదాకా అడిగిందే అడగడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఆయన ఊచ తీశాడు. రెప్పపాటులో గడియ ఊడింది. లోపల కోడలు మంచం మీద కూర్చుని, వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడుతూ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

ఆనాటి నుంచి ఆ పిల్ల నోట "ఊఁ", "అలాగే", "వద్దండీ" తప్ప మరో మాట లేదు. కోపమైనా చూపించలేదు. అదే ఆయన్ని తినేసింది. తిట్టి ఉంటే హాయిగా పడి ఊరుకునేవాడు.

చివరికి కొడుకుని పట్టుకుని కూపీ లాగితే సంగతి తెలిసింది. "వాళ్ళింట్లో పెరడంతా తేనెటీగలే నాన్నా. ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదట."

ఇంకేముంది! పోయిన మంచిపేరు తిరిగి సంపాదించుకునే దారి దొరికిందనుకున్నాడు ఆయన. ఎవరికీ చెప్పకుండా చెక్క తెచ్చి తేనెపెట్టె చేశాడు. వియ్యంకుడికి ఫోన్ చేసి ఈగలు పంపమన్నాడు.

"పంపుతాను గానీ, ఒక్క మాట బావగారూ," అన్నాడు వియ్యంకుడు. "రాణి ఈగ వేరేగా చిన్న బోనులో ఉంటుంది. దాని తలుపుకి పంచదార ముద్ద అడ్డం పెట్టాను. బోనుని తేనెపెట్టె లోపలి చట్రాల మధ్య వేలాడదీసి, మూత పెట్టేసి, ఇక దాని జోలికి పోకండి. ఈగలే మెల్లగా తిని దారి చేసుకుంటాయి."

"అంతేనా!"

"అంతే. చేతులు కట్టుకుని కూర్చోవాలి. అదే కష్టం."

కొడుకు బస్సులో, తన సీటు వెనకాల, జల్లెడ గోడల పెట్టెలో ఈగలు వచ్చాయి. పెట్టె దింపి వాడు డ్యూటీకి వెళ్ళిపోయాడు. కోడలు పనిలో ఉంది. ఆమె వచ్చేసరికి పెరట్లో ఆ చప్పుడు వినిపించాలని ఆయన ఆరాటం.

టోపీ మీద దోమతెర కప్పుకుని, గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని రంగంలోకి దిగాడు. వానా ఎండా లేకపోయినా భార్య గొడుగు విప్పి డాలులా పట్టుకుని నిలబడింది. "నెమ్మదిగా! నెమ్మదిగా అంటే వినబడదా? నెమ్మదిగా అన్నానా లేదా?"

నిజం చెప్పాలంటే పని బాగానే సాగింది. ఈగల మీద పంచదార నీళ్ళు చిలకరించి తేనెపెట్టెలోకి దులిపాడు. ఒక్కటీ కుట్టలేదు. ఇక బోను వేలాడదీసి మూత పెట్టడమే తరువాయి. అప్పుడు చూశాడు ఆ తలుపు.

తుప్పు పట్టిన తలుపులు చూశాడు, సున్నం పట్టినవి చూశాడు. పంచదారతో మూసిన తలుపు మాత్రం ఆయన ఎరగడు. పాపం, బావగారికి గడియ చేయడం రాక ఈ తంటాలు పడ్డాడనుకున్నాడు. తెరవనక్కర్లేదు. శుభ్రం చేసి, ఒక్క చుక్క నూనె వేసి, ఒక్కసారి కదిపి చూసి మూసేస్తే చాలు. అనుకుంటూ ఉండగానే ఊచ చేతిలోకి వచ్చింది, పంచదార ఊడింది, తలుపు కదిలింది. రాణి ఈగ బయటికి వచ్చి, ఆయన బొటనవేలి మీద క్షణం ఆగి, ఎగిరిపోయింది.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అప్పుడు మాటలే పోయాయి, ఇప్పుడు ఆ పిల్ల ఈ గడప తొక్కదు.

"ఏమండీ," అంది భార్య. ఆ గొంతు ఆయన మునుపెన్నడూ వినలేదు.

రాణి ఎక్కువ దూరం పోలేదు. గొడుగు లోపలి వైపు వాలింది. దాని వెనకే తేనెపెట్టెలోంచి ఈగలు బయల్దేరాయి. చూస్తూండగానే భార్య తల మీద, గొడుగు కింద, గుమ్మడికాయంత ముద్ద కట్టాయి. ఆవిడ కుక్కిన పేనులా నిలబడింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఇదే మొదలు. ఆయన దాన్ని అనుభవించే స్థితిలో లేడు.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. కోడలు.

ఆమె గొడుగు చూసింది, నేల మీద ఖాళీ బోను చూసింది. చేతి సంచీ గోడ మీద పెట్టింది.

"అత్తయ్యా, కదలకండి. ఇప్పుడవి ఏమీ చెయ్యవు. కళ్ళు మూసుకోండి, అంతే. మామయ్యా, ఆ దోమతెర తీసి అవతల పారేసి తేనెపెట్టె ఇలా పట్టుకురండి. ఊఁ, త్వరగా!"

అన్ని మాటలు ఒక్కసారి! ఆయన పరుగెత్తాడు. ఆమె గొడుగు కర్ర అందుకుని, పెట్టె మీదికి వంచి, ఒక్క విదిలింపు విదిలించింది. ముద్దంతా దబ్బున లోపల పడింది. వట్టి వేళ్ళతో రాణిని ఏరి బోనులో పెట్టి, "అత్తయ్యా, పంచదార పొడి," అంది. భార్య వంటింట్లోకి పరుగు తీసింది. పొడిని కాస్త తడిపి ముద్ద చేసి, మళ్ళీ తలుపుకి అడ్డం పెట్టింది కోడలు.

"ఇది తీసిందెవరు?"

"ఇంకెవరు!" అంది భార్య, నోరు వచ్చిన సంబరంతో.

"బిగుసుకుపోయిందనుకున్నానమ్మా," అన్నాడు ఆయన.

"బిగుసుకుపోలేదు మామయ్యా. ఈ రాణి వీటికి కొత్త. దారిలో వాసన కాస్త తెలిసిందంతే. ముందే తలుపు తీసేస్తే అవి చంపేసినా చంపేస్తాయి, లేదా ఇదే పారిపోతుంది. ఆ పంచదార తినేలోపల ఒకళ్ళకొకళ్ళు అలవాటు పడతారు."

అని చటుక్కున ఆగింది. తన మాట తనకే వినబడినట్టుంది. ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు. భార్య కూడా ఏమీ అడగలేదు, విచిత్రం.

మర్నాడు కోడలు పనికి వెళ్ళాక ఆయన ఆమె గది తలుపుకి కొత్త గడియ బిగించాడు. తన ప్రతాపమంతా చూపించి, బయటి నుంచి తాను కూడా తీయలేనిది చేశాడు. సాయంత్రం ఆమెకి చూపించి, "దీనికి నా ఊచ పనిచేయదమ్మా," అన్నాడు. ఆమె గడియ వంక చూసి, ఆయన వంక చూసి, "అలాగే," అని లోపలికి వెళ్ళింది.

కాసేపటికి లోపలి నుంచి పిలుపు. "మామయ్యా! గడియ రావట్లేదు. బిగుసుకుపోయింది. తీస్తారా?"

ఆయన పరుగున వచ్చాడు. ఊచ దూర్చాడు, తిప్పాడు, చెమటలు కక్కాడు. గడియ కదల్లేదు. ఆయన పనితనం ఆయన్నే ఓడించింది.

"నావల్ల కాదమ్మా," అన్నాడు తలుపుకి నోరు ఆనించి. "నేనే చేశానుగా."

భార్య తనకి తోచిన ఉపాయం చెప్పింది. "పోనీ, కొంచెం పంచదార పెట్టి చూద్దామా?"

లోపల కోడలు నవ్వింది. ఆపుకోలేక, ఊపిరి తిప్పుకోలేక నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు వినడం వాళ్ళకి అదే మొదలు. తాళాలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తలుపు కింద సందులోంచి స్క్రూడ్రైవర్ లోపలికి తోశాడు. "ఎడమ పక్కన రెండు మరలుంటాయి. తొందరేం లేదు, నెమ్మదిగా," అన్నాడు.

తర్వాత నేల మీద చతికిలబడి, రెండు చేతులూ చంకల్లో బిగించి పెట్టుకుని, ఆమె తీసేదాకా కూర్చున్నాడు.