ఈగలు వాలిన వేలు

మా ఆయన కృపాదానం కాళ్లకు పోలేరయ్య సొర నూనె పూస్తుంటే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాను. అది పడవలకు పూసే నూనె. సొరచేప కార్జాన్ని డబ్బాలో వేసి, ఎండకు కుళ్లి కరిగేదాకా ఉంచి తీస్తారు. మైపాడులో పుట్టి, చేపల మధ్యే ముసలిదాన్నయ్యాను గానీ, ఆ కంపు మాత్రం నాకు ఇప్పటికీ పడదు.

"ఉప్పునీళ్లలో నానే చెక్కనే కాపాడతాది వదినా. ఈ కాళ్లెంత?" అన్నాడు పోలేరయ్య. ఒకే పడవలో వేటకు పోయిన రోజుల నుంచీ వాళ్లిద్దరూ జత.

"ఆయన పడవ కాదు, మనిషి."

"మనిషైతే నీ మాట వినేవాడు గదా," అని మా ఆయన నోట్లో చుట్ట తీయకుండానే నవ్వాడు.

కొన్నాళ్లుగా ఆయన బస్టాపు దాకా కూడా నడవలేకపోతున్నాడు. కాస్త దూరం పోగానే పిక్క పట్టేస్తుంది. నిలబడితే వదులుతుంది. ఎడమ పాదం ఎప్పుడు ముట్టుకున్నా చల్లగానే ఉంటుంది. చర్చి పాటల పుస్తకం ముందు పెట్టుకుని సొంతంగా చదువు నేర్చుకున్నదాన్ని నేను. పకోడీలు చుట్టిన పేపరు కూడా వదలను. అలాంటి ఒక పేపర్లోనే ఉంది. కాలికి రక్తం సరిగా పారకపోతే పిక్కలు అలాగే పడతాయట. చుట్ట మానాలట. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలట. స్పర్శ తగ్గిన కాలికి వేడి పెట్టకూడదట, ముందు డాక్టరుకు చూపించాలట. అంతా పైకి చదివి వినిపించాను.

"ఎవురు చెప్పినారు? పకోడీల డాక్టరా?" అన్నాడు.

డాక్టరు మాట నేనూ మళ్లీ ఎత్తలేదు. నెల్లూరు ఆసుపత్రికని ఆటో ఎక్కిన మా అమ్మ తిరిగి రాలేదు. మా అక్క లిల్లీ రాలేదు. ఇద్దరినీ ఈ గుమ్మంలోంచే సాగనంపాను. వాకిట్లో ఆటో ఆగితే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

నూనె తర్వాత ఇసుక. మిట్టమధ్యాహ్నం ఆగుతూ ఆగుతూ ఒడ్డుకు పోయి, కాలే ఇసుకలో గుంట తీసి, పాదాలు కప్పుకుని కూర్చునేవాడు. ఇంటికి వచ్చేసరికి నూనె, చెమట, చుట్ట పొగ కలిసి ఒకటే కంపు. మంచానికి అదే, దుప్పటికి అదే, చివరికి నీళ్ల చెంబుకూ అదే. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఒక ఉదయం ఆయన మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. రెండు కాళ్లకూ నూనె ఉంది. ఈగలు మాత్రం ఎడమ కాలి చిటికెన వేలి మీదే ముసురుకున్నాయి. తోలితే లేస్తాయి, మళ్లీ అక్కడే వాలతాయి. అంత నూనె వదిలేసి ఆ ఒక్క వేలే ఎందుకు?

తడిగుడ్డతో జిడ్డు తుడిచాను. ఇసుక పెచ్చు ఊడి వచ్చింది. దాని కింద బొబ్బ చితికిపోయి ఉంది. వేలు నల్లబడింది, సందులో చీము. నూనె కంపు తగ్గేసరికి దాని చాటున దాక్కున్న ఇంకో కంపు బయటికి వచ్చింది. పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను.

నోరు కడుక్కుని వచ్చి వేలి పక్కన గట్టిగా నొక్కాను.

"నొప్పిగా ఉండాదా?"

"లేదే! చూసినావా, నూనె పని చేసింది."

"నూనె కాదయ్యా. నీ కాలు చచ్చిపోతా ఉండాది. ఇసకలో కాలినా నీకు తెలవలా."

ఆయన చుట్ట కింద పడేశాడు. అప్పుడే నూనె డబ్బాతో వచ్చిన పోలేరయ్య వేలిని చూసి, ముక్కు మూసుకుని, డబ్బా అక్కడే దించేసి ఆటో కోసం వెళ్లాడు.

ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. నా చేతులు చల్లబడ్డాయి.

"నువ్వు ఇంటికాడ ఉండు మే," అన్నాడు ఆయన.

"ఉండను."

ఎక్కి ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. చీము చీరకు అంటింది. కొంగు ముక్కు దగ్గరికి తెచ్చుకుందామంటే రెండు చేతులూ ఆ కాలి మీదే ఉన్నాయి.

వేలు పోయింది, కాలు దక్కింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే మోకాలి దాకా తీసేయాల్సి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. మందులు రాసింది. నూనె వద్దు, వేడి వద్దు, చుట్ట అసలే వద్దు, పుండు మానాక నడవాలి అంది.

ఇప్పుడు సాయంత్రాలు ఆయనకు చెప్పులు వేయించి ఒడ్డు దాకా నడిపిస్తున్నాను. పిక్క పట్టగానే ఆగుతాడు. నేనూ ఆగుతాను. నిన్న సరిగ్గా పోలేరయ్య పడవ పక్కనే పట్టింది. అతను పడవ చెక్కకు ఆ నూనే పూస్తున్నాడు.

"మీ వదిన నోటికి కొంచెం పూయి పోలేరయ్యా, మెత్తబడతాది," అన్నాడు మా ఆయన.

"నాకు పడవ చాలన్నా," అన్నాడు పోలేరయ్య తల ఎత్తకుండా.

ఒక చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో మా ఆయన రెక్క పట్టుకుని, పిక్క వదిలేదాకా ఆ కంపులోనే నిలబడ్డాను.