ఎన్నో కాన్పు

"ఈసారి కూడా నిలవదేమోనండీ" అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. నెల తప్పి తొమ్మిది వారాలు. ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం, దానికోసం చింతపండు పిసుకుతున్నాను. మా ఆయన సామ్యూల్ సోఫాలో బైబిల్ చదువుకుంటూ తలెత్తకుండానే, "నోటితో అలాంటి మాట అనకూడదని ఎన్నిసార్లు చెప్పాలి దీనా? విశ్వాసం లేని ఇంట్లో దీవెన ఉండదు" అన్నారు. పేజీ తిప్పి, "పులిహోరలో పల్లీలు ఎక్కువ వెయ్యి. పోయినసారి జగన్మోహన్ అన్న అడిగాడు" అన్నారు.

నాకు భయం పుట్టుకతో వచ్చిందే. స్టవ్ ఆపానా లేదా అని పార్కింగ్ దాకా వెళ్ళి వెనక్కి వస్తాను. ఫ్రీవే మీద ట్రక్కు పక్కకి వస్తే కళ్ళు మూసుకుంటాను. ఎనిమిదితో చదువు ఆగిన దానికి అన్నీ భయాలేనని మా ఆయన నలుగురిలో నవ్వుతారు. కానీ ఈ భయం ఊరికే వచ్చింది కాదు. నరసాపురంలో నాకు ఇద్దరు పోయారు. డెబ్భై తొమ్మిదిలో ఒక పిల్లాడు, ఎనభై ఒకటిలో ఒక ఆడపిల్ల. ఇద్దరూ ఐదో నెలలోనే. నొప్పి లేదు, ముందుగా తెలిసింది లేదు. రెండోసారి బిందె దించి నడుం ఎత్తేలోపే అంతా అయిపోయింది.

మరుసటేడు అమెరికాలో ఇర్వింగ్ వచ్చాం. వెనకే అత్తగారి ఉత్తరం. "అక్కడెవరికీ చెప్పొద్దు. గర్భం నిలవని దాన్ని కట్టబెట్టారని నా కొడుకు తల దించుకోకూడదు." మా ఆయన అది చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆనాటి నుంచి పిల్లలెందరని ఎవరడిగినా, నేను నోరు తెరిచేలోపే "ఇంకా లేరు, దేవుడి చిత్తం" అని ఆయనే చెప్పేసేవారు. ఊళ్ళో ఇద్దరిని కన్న నేను టెక్సాస్‌లో కొత్త పెళ్ళికూతుర్ని అయిపోయాను.

వారానికి ఐదు రోజులు ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో దుప్పట్లు ఉతికే పని నాది. "నీకేం, మెషీన్ ఉతుకుతుంది" అంటారు మా ఆయన. తడిసిన దుప్పట్లని మెషీన్లోంచి లాగి డ్రయ్యర్లోకి ఎత్తేది ఎవరో ఆయనెప్పుడూ అడగలేదు. నేను కడుపుతో ఉన్నానని అక్కడ ముందు కనిపెట్టింది నాతో పనిచేసే నైజీరియా ఆవిడ. యాభై ఏళ్ళుంటాయి, మంచి పొడగరి. బ్యాడ్జి మీద 'ఓజీ' అని ఉంటుంది. ఒకరోజు నా చేతిలోంచి తడి మూట లాక్కుని, "నువ్వు మడతపెట్టు, చాలు" అంది. మా ఇద్దరి ఇంగ్లీషూ వంకరే. అందుకే ఒకరిదొకరికి బాగా అర్థమయ్యేది.

టీ వేళ ఆమె సంచిలోంచి వక్కలాంటి పెద్ద గింజ తీసి గోటితో చీల్చింది. కోలా గింజ. "మా ఇగ్బోవాళ్ళలో ఆడది దీన్ని పగలగొట్టకూడదు. మగవాడు పెద్దలని తలుచుకుని ప్రార్థన చేసి పగలగొట్టాలి. ఈ లాండ్రీలో మగాణ్ణి ఎక్కణ్ణుంచి తేను?" అని నవ్వి నాకొక బద్ద ఇచ్చింది. పచ్చి చేదు. "మా ఇంట్లోనూ అంతే. రొట్టె చేసేది నేను, ప్రార్థించి విరిచేది ఆయన" అన్నాను.

అసలు పేరేమిటని అడిగాను. ఒజోఎమెనా అంది. మరొకటి జరగకూడదు అని దానర్థమట. ఆమెకి ముందు వాళ్ళమ్మకి ముగ్గురు పోయారు. పోయిన బిడ్డే మళ్ళీ మళ్ళీ వచ్చి తల్లిని ఏడిపించి పోతుందని వాళ్ళ నమ్మకం. అలాంటి బిడ్డని ఒగ్బాంజే అంటారు. తిరిగి పోవడానికి గుర్తుగా అది ఒక రాయిని ఎక్కడో పాతిపెట్టుకుంటుందట. వైద్యుడు వచ్చి, ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు పోయింది అని ఊరందరి ముందూ అడిగి, ఆ రాయిని తవ్వి తీస్తేనే బిడ్డ నిలుస్తుంది. ఓజీ కోసం వాళ్ళ పెరడంతా తవ్వారట.

"నువ్వు నమ్ముతావా?" అన్నాను.

"ఆదివారం చర్చికి వెళ్తాను. అది రక్తంలో జబ్బని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు, అదీ నిజమే కావచ్చు. కానీ మా అమ్మని అడిగారు కదా. అందరూ కూర్చుని విన్నారు కదా."

నేను లేచి మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టాను. మాది మూడు తరాలుగా చర్చికి వెళ్ళే ఇల్లే. అయినా నాకన్నా ముందు పుట్టిన ఇద్దరు పోయారని మా నాయనమ్మ నన్ను పెంటకుప్ప మీద దొర్లించి పెంటమ్మ అని పిలిచింది. పనికిరానిదనుకుని చావు వదిలేసి పోతుందట. ఆ పేరు విని అత్తగారు ఎంత నవ్విందో. ఇదంతా ఓజీకి చెప్పాను. ఆ వెనకే నరసాపురంలో పోయిన నా ఇద్దరి సంగతీ చెప్పాను. ఈ దేశంలో ఒక మనిషికి చెప్పడం అదే మొదలు.

ఆమె నవ్వలేదు. "నా మేనకోడలికీ ఇంతే, నొప్పి లేకుండా జారిపోయేది. హ్యూస్టన్‌లో డాక్టరు గర్భసంచి మూతికి కుట్టు వేశాడు, నిలిచింది. కానీ ముందు జరిగింది చెబితేనే వేస్తారు. చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?" అంది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మా ఆయనతో అన్నాను. "డాక్టరుకి చెబుదామండీ. కుట్టు వేస్తారట."

"ఎవరు చెప్పారు?"

"లాండ్రీలో ఓజీ" అని, ఆ రాయి సంగతీ చెప్పాను.

"రాళ్ళు తవ్వే మనుషుల మాటలా మనకి? కూటానికి పెద్దని నేను. మా ఇంట్లో ఆఫ్రికా దయ్యాల బోధ వద్దు." పెరుగు కలుపుకుంటూ గొంతు తగ్గించారు. "మనం వెళ్ళే క్లినిక్‌లో మన కూటం రాధారాణి గారు పనిచేస్తారు. ఫైల్లో రాస్తే ఆదివారానికి అందరికీ తెలుస్తుంది. అమ్మ ఏం రాసిందో మర్చిపోయావా?"

కంచాలు కడుగుతూ ఆలోచించాను. నాయనమ్మ నన్ను పెంటలో దొర్లించింది చావు కళ్ళు కప్పడానికి. అత్తగారు ఉత్తరం రాసింది ఊరి కళ్ళు కప్పడానికి. ఓజీ వాళ్ళు రాయి కోసం తవ్వితే దయ్యాల బోధట. మేం ఇద్దరు పిల్లల్ని ఉన్నారన్న గుర్తే లేకుండా పాతిపెట్టాం, దానికి విశ్వాసమని పేరు. మా ఆయన చెడ్డవారు కాదు. ఆ పిల్లలు పోయినప్పుడు ఆయనా ఏడ్చారు, స్నానాలగదిలో, కుళాయి తిప్పి. కానీ రేపు ఐదో నెల వచ్చేది నా కడుపుకి. ఆయన పరువుకి నెలలు లేవు.

పన్నెండో వారంలో క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టరు తెల్లజుట్టు ఆవిడ. కాగితం పరిచిన బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, ఫైలు తెరిచి, ఇది ఎన్నో కాన్పు అని ఇంగ్లీషులో అడిగింది.

"ఫస్ట్" అన్నారు మా ఆయన.

రాసుకుంది. ఇంతకుముందు గర్భం పోవడం ఏమైనా?

"నో, నో" అన్నారు ఆయన. "షీ డజంట్ నో మచ్ ఇంగ్లీష్."

డాక్టరు పెన్ను ఆపి నావైపు చూసి, అదే ప్రశ్న మెల్లగా, ఒక్కొక్క మాటగా మళ్ళీ అడిగింది. మా ఆయన చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. గట్టిగా కాదు, మామూలుగా ఫోటోలో పెట్టుకున్నట్టు. కింద కాగితం చిన్నగా చప్పుడు చేసింది. ఆవిడ చూపు తిప్పుకోలేదు. రాధారాణి గారు, ఆదివారం కూటం, నరసాపురంలో అత్తగారు, అందరూ ఆ గదిలోనే ఉన్నట్టుంది. భుజం మీద చెయ్యి కొంచెం బరువైంది.

"థర్డ్" అన్నాను. "టూ డైడ్. ఫైవ్ మంత్స్. ప్లీజ్ రైట్."