మ్యాట్ నలుపు మీద మూడు మెరుపులు

రెండు వేల ఇరవై ఐదు నవంబరు పందొమ్మిది, బుధవారం, ఉదయం పదకొండు గంటలు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పౌడర్ కోటింగ్ షెడ్డు. హాజరైనవారు: షెడ్డు యజమాని పిచ్చేశ్వరరావు, ఓవెన్ చూసుకునే మస్తాన్‌వలి, మోటారుసైకిలు సొంతదారు బోసు, ఆయన తల్లి సౌభాగ్యమ్మ. వారి నడుమ బల్ల మీద నేను.

నేను ఒక పెట్రోలు ట్యాంకును. ఇనుపరేకుగా పుట్టి, అచ్చులో వంగి, ఈ ఆకారానికి వచ్చాను. మొదటి సొంతదారు ఒక సర్వేయరు. ఆయన దగ్గర తొమ్మిదేళ్లు నిగనిగలాడే ఎరుపులో తిరిగాను. తర్వాత బోసు చేతికి వచ్చాను. ఆయనకు ఎరుపు నచ్చలేదు. మెరవని నలుపు కావాలన్నాడు. ఈ షెడ్డులోనే నా పాత రంగును ఇసుకతో ఒలిచారు. నల్లటి పొడి చల్లి ఓవెన్‌లో పెట్టారు. రెండువందల డిగ్రీల వేడిలో ఆ పొడి కరిగి నాకు చర్మమైంది. అప్పటినుంచి వానైనా, ఎండైనా, బోసు మోకాళ్ల రాపిడైనా ఆ పొర అవతలే ఆగిపోతున్నాయి. నన్ను ఏదీ పెద్దగా తాకదు. అందుకు విచారమూ లేదు.

నన్ను అప్పగించిన రోజు మస్తాన్‌వలి చెప్పాడు: "సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే సార్. పాలిష్ పెట్టొద్దు, పీచు తగలనివ్వద్దు. పెట్రోలు కారితే వెంటనే తుడిచెయ్యండి." బోసు అప్పుడు నా ఫొటో తీసుకుంటున్నాడు. మనుషులు ఒక వస్తువు మీద మనసు పడ్డ క్షణంలో దాని గురించి చెప్పే మాట వినరు.

దసరాకు సౌభాగ్యమ్మ నాకు పూజ చేసి, మూడు పసుపు బొట్లు పెట్టి కుంకుమ అద్దింది. మెరవని మ్యాట్ పూత గరుకు. పసుపు ఆ గరుకులో దిగి కూర్చుంది. వారం తర్వాత ఆమె నన్ను తోమింది. పసుపు పోయింది, ఆ మూడు చోట్లా మెరుపు తేలింది. మ్యాట్‌ను రుద్దితే జరిగేది అదే. నాకు నొప్పి కలగలేదు. చూసిన బోసుకు కలిగింది.

"రెండు నెలలకే అరిగిపోయిందండీ! ఇదేం పనితనం?" అన్నాడు బోసు.

పిచ్చేశ్వరరావు అప్పటికే ఫిర్యాదు కాగితం రాసి పెట్టాడు. కారణం: ఓవెన్‌లో సరిగా కాలలేదు. "సంతకం పెట్టెయ్ మస్తానూ. రేపట్నుంచి ఇసుక గదిలో చేద్దువుగాని."

పాత రంగులు ఇసుకతో ఒలిచే ఆ దుమ్ము గదిలో మస్తాన్‌వలి ఇదివరకు ఆరేళ్లు పనిచేశాడు. ఆ ఆరేళ్ల దగ్గు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

అతను నా అడుగున బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి, ఒక్కసారిగా లాగాడు. సరిగా కాలని పూతైతే టేపుతో ఊడి రావాలి; ఇది రవ్వంతైనా లేవలేదు. తర్వాత నన్ను తిప్పి ఆ మూడు మెరుపుల మీద మూడు వేళ్లు ఆనించాడు. సరిగ్గా సరిపోయాయి. అవి బొట్లు పెట్టిన చోట్లని అతనికి అర్థమైంది. కానీ మీ పూజవల్లే పాడైందని ఆ తల్లి ఎదుట తన నోటితో ఎలా అంటాడు? కలం అందుకున్నాడు.

"ఆగు నాయనా," అంది సౌభాగ్యమ్మ. "అవి నేను పెట్టిన బొట్లు. పసుపు పోవట్లేదని చింతపండేసి పీచుతో తోమాను."

"అమ్మా, నువ్వూరుకో."

"ఎందుకూరుకుంటానురా? బిందె తళతళలాడితే మెచ్చుకుంటావు. ఇది తళతళలాడితే ఇతని మెడకి చుడతావా?"

మస్తాన్‌వలి నెమ్మదిగా అన్నాడు: "ఎండలో వదిలేసుంటే పదిరోజుల్లో పసుపు దానంతటదే పోయేదమ్మా."

"అయ్యో, పసుపంటిన చీరల్ని అట్లాగే ఆరేస్తాను నాయనా. ఇనుము దగ్గరికొచ్చేసరికి తోచలా."

పిచ్చేశ్వరరావు తల గోక్కున్నాడు. "ఇప్పుడేం రాయమంటారండీ?"

"ఉన్నదే రాయండి," అంది సౌభాగ్యమ్మ.

ఆయన పాత కారణం కొట్టేసి కొత్తది రాశాడు: తోమిన రాపిడి, పూతలో లోపం లేదు. మళ్లీ పూయాలంటే ఉన్నదంతా ఒలవాలని మస్తాన్‌వలి చెబితే, బోసు తల్లి ముఖం చూసి, "వద్దులెండి, ఉండనివ్వండి," అని సంతకం చేశాడు. దాని కింద సౌభాగ్యమ్మ ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది.

"నీ దగ్గరే ఉంచుకోవయ్యా," అన్నాడు పిచ్చేశ్వరరావు, కళ్లెత్తకుండా కాగితాన్ని మస్తాన్‌వలి వైపు జరుపుతూ.

మస్తాన్‌వలి చివరగా సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకుని, ఓవెన్ వైపు నడిచాడు.